బీరువోద్ధరణము అను కరపత్ర విమోచన గాథ

వినుడు, వినుడు! కుర్చీ ఉన్నవారు కూర్చుండి వినుడు, లేనివారు గోడకు జారబడి వినుడు! గోడ కూడ లేనివారి కొరకే ఈ గాథ పుట్టినది గనుక వారు మరింత శ్రద్ధగా వినుడు!

మధ్యాహ్న మార్తాండుడు ఎదుటి మేడల వెనుకకు జారుటకు సన్నద్ధుడై, తీగెలపై ఆరవేసిన దుప్పట్ల సందులనుండి కడపటి చూపు చూచుచున్న ఒకానొక ఆదివారమున, సున్నము రాలుటయే సింగారముగా గల ఒక మూడంతస్తుల కట్టడమునందు, ఎక్కెడివారి మోకాళ్ళు మొరపెట్టుకొను రెండవ అంతస్తునందు, మెట్లకు ఎడమచేతి వాటాలో (ఆ వాటా వామపక్షమున నుండుట తాపీమేస్త్రీ చలువయే గాని సిద్ధాంతబలము కాదని మనవి) ఒక మహాసంగ్రామము జరిగెను. ఆ సంగ్రామమున రక్తము చిందలేదు. ఒక కాలి బొటనవ్రేలు మాత్రము వాచెను. ఎవరి వ్రేలో, ఎందుకు వాచెనో ముందు ముందు మనవి చేసెదను. తొందరపడకుడు, వాపు ఎక్కడికిని పోదు.

ఇక కథానాయకుడు. లేతు యంత్రముపై ఉక్కును ఉల్లిపొరవలె ఒలిచిన ప్రచండహస్తుడు, ఊరేగింపుల ముందువరుస భీకరకంఠుడు, ఇప్పుడు పదవీవిరమణానంతర పడకకుర్చీ విహారి. యూనియనులో అందరును అతనిని ‘తీర్మానం’ అని పిలుతురు. ఏలయన, కూరలో ఉప్పు తగ్గినను అతడు ఉప్పు అడుగడు. “ఈ కూరలో ఉప్పు పెంచాలని తీర్మానిస్తున్నాను” అని లేచి నిలిచి, బలపరచువారికై నలుదెసలు చూచును. ఆ ఇంట నలుదెసలలోను ఉన్నది భార్య యొక్కతెయే.

ఆమెయా సామాన్యురాలు? నూలుమిల్లులో దారపు కండెలు చుట్టు చేతులతో యాజమాన్యమును చుట్టబెట్టిన ధీరవనిత. సమ్మెనాడు ఆమె గేటు ముందు కూర్చుండినచో లోనికి మేనేజరు పోలేడు, బయటికి సరుకు రాలేదు. నాటినుండి లోకము ఆమెను ‘గేటక్క’ అని పిలిచెను. అట్టి గేటును పెండ్లాడి, దాని తాళపుచెవి తన జేబులో నున్నదని భ్రమించినవాడు మన తీర్మానము.

సంగ్రామకారణ మెట్టిదనగా: ఆ సాయంకాలమే యూనియను హాలులో పాత కరపత్రముల ప్రదర్శన. ఒకప్పుడు మిల్లు గేట్ల వద్ద చేతినుండి చేతికి ప్రాకి, చెమటకు తడిసి, టీ గ్లాసుల క్రింద నలిగి, పనిగంటలను గూర్చియు, కూలివాని గూటిని గూర్చియు, కర్మాగారములు కొందరివి గాక అందరివి కావలెనన్న మాటను గూర్చియు గర్జించిన చిన్నచిన్న పొత్తములవి. ఎఱ్ఱగుడ్డ పరచిన బల్లపై ఒక్కొక్కదానికి ఒక్కొక్క తెల్లచీటి. అన్ని చీటీల ప్రక్క పొత్తములు చేరినవి. ఒక్క చీటి ప్రక్క మాత్రము ఖాళీ. ఆ చీటిపై నున్న పేరు: ‘ఇల్లెవరిది?’

“ఆ పుస్తకం నా దగ్గరుంది! నేను తెస్తాను!” అని నిండుసభలో తొడగొట్టినంత పని చేసినవాడు తీర్మానము. అది విని, ముద్రాక్షరశాలలో అక్షరములు పేర్చి పేర్చి రిటైరైన మిత్రశత్రువొకడు, ‘అచ్చుతప్పు’ అను బిరుదాంకితుడు, తన గుబురుమీసమును నిమిరికొనుచు ఇట్లనెను:

“వాడి దగ్గర ఉన్నది నోరొక్కటే. ఆ పుస్తకం తెచ్చిన రోజు నా మీసం తీయించుకుంటా.”

అందుచేత ఆ పొత్తము సాయంత్రమునకు హాలు చేరనిచో, జీవితకాలమంతయు సంపాదించిన తీర్మానము గారి మాట, ఒక్క గుప్పెడు మీసము ముందు వీగిపోవును. ఇదియే సంకటము.

ఉదయమునుండి వీరుడు వెదకుచుండెను. అటక యెక్కెను, అటక దుమ్ము అతని నెత్తి కెక్కెను. ట్రంకుపెట్టెలు తిరగవేసెను. రెండు పొత్తములు దొరికినవి: ఒకటి బక్కపలుచని ‘పనిగంటలు’, మరొకటి బొద్దుగా బలిసిన ‘అందరి సొత్తు’. మూడవది లేదు. వంటగది గుమ్మమున చిక్కుళ్ళు ఒలుచుచు గేటక్క ఈ విధ్వంసమును తిలకించెను.

“పొద్దుటినుంచి ఏం వెతుకుతున్నావయ్యా, కొంపంతా పీకి పందిరేసి?”

“ఇల్లు!”

“ఇంట్లోనే ఉన్నావు కదా.”

“అదికాదే, ‘ఇల్లెవరిది?’ అన్న పుస్తకం! దానిమీద నా పరువు ఆధారపడి ఉంది!”

“ఓ, అదా? దానిమీద బీరువా కూడా ఆధారపడి ఉంది.”

“బీరువా మొత్తం చూశా. లోపల లేదు.”

“లోపలని నేనన్నానా? కింద. ముందు కుడికాలి కింద.”

ఆ మాట పిడుగువలె చెవినబడగా, మహావీరుడు నిలువునా నేలకొరిగి, చెంపను నేలకానించి, బీరువా క్రింది తిమిరగహ్వరమున దృష్టి సారించెను. అచ్చట, ఏనాటిదో ఒక గుండీ, ఒక దువ్వెన పన్ను, దుమ్ముతో నేసిన కంబళి వీనికి ఆవల, ఉక్కు బీరువా యొక్క దక్షిణ పురోపాదము క్రింద, నాలుగు మూలలు నలిగి, శ్వాసయాడక, ‘ఇల్లెవరిది?’ కనబడెను. కరమున వెలుగవలసిన కరపత్రము, అయ్యో, పాదపత్రమయ్యెను!

తీర్మానము మోకాళ్ళపై లేచి, హాలులో మైకు చెడినప్పుడు వాడెడి కంఠమును బయటికి తీసెను.

“ఓ శ్రామికవర్గ పుత్రీ! గూడు లేని కోట్లాది జనుల గుండెచప్పుడును, అద్దెల పీడనపై మోగిన శంఖారావమును, ఒక ఇనుపపెట్టె కాలికింద తొక్కిపట్టుటకు నీకు చేతులెట్లు వచ్చినవి? చరిత్ర నిన్ను క్షమించునా?”

గేటక్క చిక్కుడుగింజ నొకదానిని గిన్నెలోనికి టప్పున విసరెను.

“చరిత్రనీ నిన్నూ పక్కపక్కన నిలబెట్టి చెప్తా, విను. ఈ ఇంట్లోకొచ్చిన రోజు ఆ మూల నేల దిగబడి ఉంది. బీరువా తాగుబోతులా ఊగుతోంది. ఓనరు గారిని బాగుచేయించమంటే ‘చూద్దాం’ అన్నాడు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నాడు. నువ్వేమో సమాజంలో ఎత్తుపల్లాల మీద గంటసేపు ఉపన్యాసమిచ్చావు. సమసమాజం తర్వాత సంగతి, ముందు సమతలం కావాలని చేతికందింది తోశా. నీ మాటల్లో ఇన్నేళ్ళు నిలబడిందీ, ఇంకోదాన్ని నిలబెట్టిందీ అదొక్కటేనయ్యా!”

ఈ వాగ్బాణము కవచమును, కవచము క్రింది బనీనును, బనీను క్రింది వాదమును ఏకధాటిగా చీల్చెను. వీరుడు సంధికి దిగెను.

“సరే. ఏం కావాలి నీకు?”

“రెండు డిమాండ్లు. పుస్తకం తీసినా బీరువా వెంట్రుకవాసి ఒరగకూడదు. ఒరిగితే తలుపు దానంతటదే తెరుచుకుని అద్దం గోడకి కొట్టుకుంటుంది. రెండోది, మేకు.”

“మళ్ళీ మేకా?”

“మళ్ళీ మేకే! గుమ్మం పక్కన గోడకి ఒక్క మేకు, నా సంచి తగిలించుకోవడానికి. ఎన్నేళ్ళుగా మొత్తుకుంటున్నా?”

మేకు మాట వినగానే వీరుని ముఖము వాడెను. క్రింది అంతస్తున నివసించు ఇంటి యజమాని ‘గోడలకు మేకులు కొట్టరాదు’ అని శాసించినాడు. హా! ప్రపంచమందలి ఆస్తివ్యవస్థను కూకటివ్రేళ్ళతో పెకలించెదనని మూడు జంక్షన్లలో గర్జించినవాడు, ఒక గోడలో ఒక్క మేకు దింపజాలడాయెను! భీరువునకు బీరువా లొంగునా?

“ముందు పుస్తకం తీద్దాం, మేకు సంగతి చర్చిద్దాం” అని అతడు తప్పించుకొనెను.

అంతట సహాయార్థము కబురందుకొని, గేటక్క తమ్ముడు ఏతెంచెను. అతడు సిటీబస్సు కండక్టరు. డ్యూటీ దిగినను మెడలో ఈల దిగని కర్తవ్యనిష్ఠుడు. గుమ్మములో అడుగిడుచునే,

“జరగండి బావా, లోపలికి జరగండి, ముందంతా ఖాళీగా ఉంది” అనెను.

“ఖాళీ కాదురా, అక్కడ బీరువా ఉంది.”

“దీన్నా ఎత్తాలి? అక్కా, ఇందులో ఏం పెట్టావ్, మిల్లు మొత్తం సర్దేశావా?”

లోని వస్తువులు తీసి ఎత్తినచో సులభమగునని తీర్మానము ఒక తీర్మానము ప్రవేశపెట్టెను. “మళ్ళీ సర్దేదెవరు?” అని గేటక్క అడుగగా, బలపరచువారు లేక అది వీగిపోయెను.

ఈల మ్రోగెను. ముగ్గురును ఒక్కపెట్టున పట్టిరి. ముగ్గురి నరములును ఉబ్బెను, ముగ్గురి కన్నులును మిడిగ్రుడ్లయ్యెను, బావ నడుమున నొక కీలు “కీచ్” అనెను. బీరువా మాత్రము, డిమాండ్లు విన్న యాజమాన్యమువలె, ఉన్నచోటనే ఉండెను. కాని దాని లోపల ఎక్కడో ఒక స్టీలుగిన్నె దొర్లి దొర్లి ఘణఘణ మ్రోగగా, ఆ ధ్వని అంతస్తు దిగి, యజమాని చెవిన పడెను.

ధబ్, ధబ్, ధబ్! మెట్లు మూలుగుచుండ ఇంటి యజమాని వచ్చుచుండెను. విశాలవక్షుడు, వృషభస్కంధుడు, పూర్వాశ్రమమున గోదాములో మూటలు మోసి, మోసి, తానును కాస్త మూటగట్టుకొని ఈ మేడ కట్టినవాడు. చంకలో దళసరి అట్ట యొకటి. దానిపై తాటికాయలంత అక్షరములలో కొత్తగా వ్రాయించిన ‘అద్దెకున్నవారు పాటించవలసిన నియమములు’. ఆనాడే ఇంటింటి తలుపునకు తగిలింపబూనెను.

“ఏం జరుగుతోందిక్కడ? నా కప్పు మీద ఏనుగుల్ని తోలుతున్నారా?”

“బీరువా ఎత్తుతున్నాం ఓనరు గారూ” అని గేటక్క చల్లగా పలికెను. “ఎత్తలేకపోతే ఈడుస్తాం. నేల మీద నాలుగు గీతలు పడతాయి, అంతేగా.”

“గీతలా! నా నేల మీదా!” యజమాని గుండెపై ఆ నాలుగు గీతలును అప్పుడే పడినవి. “ఆగండి, ఎవరూ ముట్టుకోవద్దు! మీకు పట్టుకోవడం కూడా రాదు. జరగండి, నేను పడతా!”

ఓహో, ఏమి విధివిలాసము! అద్దెలెందుకని అడిగిన పొత్తమును విడిపించుటకు అద్దె పుచ్చుకొనువాడే నడుము బిగించెను! అతడు అట్టను చంకలోనే బిగించి, బీరువా ముందు కుడిమూల క్రిందికి రెండు చేతులు పోనిచ్చెను. ఎడమమూల కండక్టరు పట్టెను. ప్రక్కలను దంపతులు కాసిరి. ఈల మ్రోగెను. “హైలెస్సా!”

కదలెను! లేచెను! అచలమన్న పేరు గలది అంగుళము చలించెను! బీరువా వెనుకకు వాలి, దాని కుడికాలు గాలిలో వ్రేలాడెను. క్రింద కరపత్రము ఇన్నేండ్లకు మొదటి ఊపిరి పీల్చెను.

“లాగండి, ఎవరో ఒకరు లాగండి!” అని యజమాని పండ్లబిగువున పలికెను.

“అక్క లాగాలి, అక్క కాలు చురుకు” అని కండక్టరు.

“ఎవరో ఒకరు అంటే కుదరదు” అని తీర్మానము. అచ్చటనే, ఆప్తులారా, అచ్చటనే జరిగెను ఆ ఘోరప్రమాదము! సంఘజీవితమున తలపండినవారికి తప్ప అన్యులకు సాధ్యము కాని ప్రమాదము! భారము చేతులపై నుండగనే, అలవాటు నాలుకపైకి వచ్చెను. కంఠమెత్తి అతడిట్లు ప్రకటించెను:

“కామ్రేడ్స్! పుస్తకం మా ఆవిడ లాగాలన్న ప్రతిపాదనకు అనుకూలంగా ఉన్నవారు, చేతులెత్తండి!”

ఎత్తిరి! జీవితమంతయు ఆ పిలుపునకు చేయెత్తినవారు గదా! తీర్మానము ఎత్తెను, గేటక్క ఎత్తెను, కండక్టరు రెండు చేతులును ఎత్తెను. వినీలాకాశమునకు గాకున్నను, వెల్ల రాలు కప్పునకు నాలుగు చేతులు లేచినవి! దంపతుల రెండవ చేతులు అలవాటున నడుములపైకి చేరగా, బీరువాపై మిగిలినవి రెండే చేతులు. అవి యజమానివి.

“ఏకగ్రీవం!” అని తీర్మానము చాటెను. ఏకగ్రీవమనగా ఒకే మెడ యని గదా అర్థము. నిజమే, ఆ క్షణమున బీరువా భారమంతయు ఒకే మెడపై నుండెను. కష్టపడువారు ముగ్గురు చేతులు దులుపుకొని నిలువగా, ఆస్తిపరుడొక్కడే భారము మోయు ఆ మహాదృశ్యమును ఏ కరపత్రము గూడ ఊహించి యుండలేదు!

“ఓరి నాయనోయ్! అందరూ చేతులెత్తేశారేంటయ్యా!”

“ఒక్క నిమిషం ఓనరు గారూ. వ్యతిరేకంగా ఎవరైనా ఉన్నారా?”

“నేను! నేను వ్యతిరేకం!”

“చెయ్యెత్తి చెప్పాలండీ.”

“ఎత్తితే చస్తానయ్యా!”

“అయితే తటస్థం కింద లెక్క” అని తీర్మానము తీర్పు చెప్పెను.

కండక్టరు తెలివి తెచ్చుకొని మరల ఎడమమూలను ఒడిసిపట్టెను గాని, గేటక్క తొందరపడలేదు. ఆమె చెప్పు విడిచి, కుడిపాదము చాచి, కండె నుండి దారపుకొస తీయు నైపుణ్యముతో, కాలివ్రేళ్ళ చివర కరపత్రమును పట్టి సుతారముగా ఒక్క లాగు లాగెను. సర్రున జారి వచ్చెను ‘ఇల్లెవరిది?’! భర్త దానిని ఎదకు హత్తుకొని తుమ్మెను.

“వచ్చిందిగా! ఇక దించెయ్యనా?” అని యజమాని.

“దించితే ఒరుగుతుంది. అద్దం పోతుంది” అని గేటక్క. “ఏదైనా పెట్టాలి.”

‘పనిగంటలు’ పెట్టిరి. దించగా బీరువా ఊగి, తలుపు దభాలున తెరుచుకొనెను. పనిగంటలు తగ్గింపవలెనని వాదించిన పొత్తమది. మందము గూడ తగ్గియే యుండెను. మరల ఎత్తి ‘అందరి సొత్తు’ పెట్టిరి. అది మితిమీరి బలిసి యుండుటచే, బీరువా కాలు దానిపై నిలువక జారి, నేరుగా తీర్మానము గారి బొటనవ్రేలిపై దిగెను. వాపు సంగతి చెప్పెదనంటిని గదా, ఇదియే.

“అబ్బా! అందరి సొత్తే కదా, నా వేలొక్కటే దొరికిందా?” అని అతడొంటికాలిపై గెంతెను.

మరల ఎత్తిన యజమాని ముఖము ఎఱ్ఱజెండాతో పోటీపడుచుండెను. “ఏదో ఒకటి పెట్టండమ్మా! మీకు దణ్ణం పెడతా!”

“ఎలా పెడతారు, చేతులు ఖాళీ లేవుగా” అని గేటక్క బీరువా ముందు బాసిపట్టు వేసికొని కూర్చుండెను. అది చూచి తమ్ముడు వణకెను. మిల్లు గేటు ముందు ఆమె కూర్చున్న తీరు అదియే. “పెడతాం గానీ ఓనరు గారూ, ఆ మేకు సంగతి…”

“ఇప్పుడా మేకు!”

“మామూలప్పుడు అడిగితే ‘ఇప్పుడు కాదు’ అంటారు కదా. అందుకే ఇప్పుడు.”

“ఒకటి! ఒక్కటే కొట్టుకో!”

“అంగుళమా, రెండంగుళాలా?”

“రెండు! రెండంగుళాలు కొట్టుకో తల్లీ! నా చంకలో అట్ట ఉంది, అది మడిచి పెట్టు, ముందు పెట్టు!”

గేటక్క అతని చంకనుండి నియమావళిని ఊడబెరికి, మధ్యకు మడిచి, కాలి క్రింద నుంచెను. దించిరి. ఆమె బీరువా తలుపును బార్లా తెరచి, చేయి వదలెను. అది కదలలేదు. మెల్లగా మూసెను. “టక్.” తెరుచుకొనలేదు! చక్కగా, నిక్కముగా, వెంట్రుకవాసి తేడా లేక, యజమాని శాసనములన్నియు పాదాక్రాంతములై, బీరువా నిటారుగా నిలిచెను!

“అయ్యో, నా అట్ట!” అని యజమాని అప్పుడు గ్రహించెను.

“తీసుకోండి ఓనరు గారూ, మీదేగా” అని గేటక్క ప్రక్కకు జరిగెను. “ఒకసారి బీరువా ఎత్తితే వచ్చేస్తుంది. మేం సాయం పడతాం. ఏం, ఓటింగు పెడదామా?”

యజమాని బీరువాను చూచెను, తన భుజములను చూచెను, అప్పుడే చేయెత్తబోవుచున్న తీర్మానమును చూచెను. భుజములు తడుముకొనుచు మెట్లు దిగెను.

భార్యయు బావమరిదియు వెంటరాగా, హాలునకు వీరుడు కుంటుచు చేరెను. ఎఱ్ఱగుడ్డపై ఖాళీ నిండెను. పొత్తము అట్టపై చతురస్రాకారపు లోతైన గుంటను అచ్చుతప్పు వ్రేలితో తడవి, “ఇదేంటి?” అనెను. భర్త నోరు తెరచునంతలో గేటక్క, “ఉక్కుపాదం కింద నలిగి వచ్చిందన్నా” అని గంభీరముగా పలికెను. హాలంతయు లేచి నిలిచెను. ఒక వృద్ధుడు కన్నులు తుడుచుకొనెను. కండక్టరు నవ్వాపుకొనలేక ఈల నమలెను. అచ్చుతప్పు అరచేతితో మీసమును కప్పుకొని, “మీసం విషయం వచ్చే సమావేశం ఎజెండాలో పెడదాం” అని గుంపులో మాయమయ్యెను.

ప్రదర్శన ముగిసెను. పొత్తము ఇంటికి వచ్చెను. దానిని మరల ఎక్కడ పెట్టవలెనను ప్రశ్నకు సమాధానముగా మరునాటి ప్రభాతమున తీర్మానము సుత్తి చేతబట్టెను. ఠంగ్! పెచ్చు రాలెను. ఠంగ్! గోడ గొణిగెను. క్రింది వాటాలో ఒక దగ్గు వినబడెను. దగ్గు దగ్గుగానే ఆగెను. ఠంగ్!

“వంకరగా దిగింది” అనెను గేటక్క.

“తీసి మళ్ళీ కొట్టనా?”

“వద్దు. ఓనరు ఇచ్చింది ఒక్కటే. ఉండనీ.”

ఆ మేకుపైకి ఆమె సంచి ఎక్కెను. సంచి ప్రక్కన, దారము గ్రుచ్చిన ‘ఇల్లెవరిది?’ వ్రేలాడెను. ఇల్లు ఇంకను ఓనరుదే. గోడయు ఓనరుదే. సున్నము గూడ ఓనరుదే.

కాని లోకులారా, మ్రోగింపుడు భేరులు, చాటుడు దిక్కులకు, జారబడిన గోడలు వదలి నిటారుగా నిలువుడు: ఆ వంకర మేకు మాత్రము గేటక్కది!